చిప్‌లో రెండు ఫోటాన్ల ఇంటర్‌ఫియరెన్స్ టెస్ట్ చేయడం: నా అనుభవం

ఫోటానిక్ చిప్‌ల మీద, అంటే కరెంటుకి బదులు వెలుగుని నడిపించే చిప్‌ల మీద, పనిచేసేవాళ్లు ఎవరైనా "మాకు విజిబిలిటీ 94% వచ్చింది" అంటే, మిగతా 6% ఎక్కడికి పోయిందని అడగండి. జవాబు చెప్పగలిగితే ఆ 94కి విలువ ఉంది, లేకపోతే అది ఉత్త అంకె. ఈ పనిలో దిగాక నాకు బాగా తలకెక్కిన విషయం ఇదొక్కటే. పేరుకి చిప్ టెస్టే గానీ, నేను కుస్తీ పట్టిందంతా చిప్ బయట ఉన్న సరంజామాతో. ఆ క్రమం ఉన్నదున్నట్టు రాస్తున్నా, ఇదే పని మొదలుపెట్టబోయేవాళ్లకి కాస్త టెన్షన్ తగ్గుతుంది.

ముందు అసలు కొలిచేది ఏంటో చెప్పేస్తా. సగం వెలుగుని దాటనిచ్చి సగాన్ని తిప్పికొట్టే బీమ్ స్ప్లిటర్‌లోకి రెండు వైపుల నుంచి చెరో ఫోటాన్ ఒకే క్షణంలో వచ్చిందనుకోండి. రెండూ దాటిపోవచ్చు, రెండూ తిరిగి రావచ్చు, లేదా ఒకటి దాటి ఒకటి తిరిగొచ్చి రెండూ ఒకే వైపు నుంచి బయటపడచ్చు. మొదటి రెండు సందర్భాల్లోనూ ఒక్కో డిటెక్టర్‌కి ఒక్కో ఫోటాన్ అందుతుంది. ఫోటాన్లు రెండూ అచ్చం ఒకేలా ఉంటే, ఆ రెంటిలో ఏది జరిగిందో చెప్పే ఆనవాలు ఎక్కడా మిగలదు కాబట్టి వాటి ఆంప్లిట్యూడ్‌లను (ప్లస్ మైనస్ గుర్తులుండే, సంభావ్యతకి మూలమైన అంకెలని) కలపాలి. ఒక్కో రిఫ్లెక్షన్‌కి 90 డిగ్రీల ఫేజ్ వస్తుంది, రెండు రిఫ్లెక్షన్లకి 180, అంటే మైనస్ గుర్తు. ప్లస్సూ మైనస్సూ కొట్టేసుకుంటాయి. రెండు డిటెక్టర్లూ ఒకేసారి మోగడం ఆగిపోతుంది, ఫోటాన్లు ఎప్పుడూ జంటగానే ఒక వైపు పోతాయి. 1987లో రోచెస్టర్ యూనివర్సిటీలో హాంగ్, ఊ, మాండెల్ అనే ముగ్గురు దీన్ని చూపించారు, అందుకే ఒక ఫోటాన్ రాకని కాస్త ముందుకీ వెనక్కీ జరుపుతూ కోయిన్సిడెన్స్ కౌంట్‌ని (రెండు డిటెక్టర్లూ ఒకేసారి మోగిన లెక్కని) గ్రాఫ్ గీస్తే మధ్యలో పడే గుంటకి వాళ్ల పేరే పెట్టారు. ల్యాబ్‌లో అందరం ఊరికే డిప్ అంటాం. పక్కన ఉన్న బేస్‌లైన్‌తో పోలిస్తే ఆ గుంట ఎంత లోతుగా ఉందో అదే విజిబిలిటీ. మామూలు క్లాసికల్ వెలుగుతో, ఫేజ్ అంతా సగటు అయిపోయేలా చేస్తే, ఇది 50% దాటదు. అంతకు మించితేనే క్వాంటమ్ అని మాట్లాడాలి.

బల్ల మీద అద్దాలతో చేసే ఈ ప్రయోగాన్నే చిప్ లోపల వేవ్‌గైడ్‌లతో, అంటే వెలుగు నడిచే సన్నటి దారులతో, చేయచ్చని 2008లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు సిలికా చిప్ మీద దాదాపు 95% విజిబిలిటీతో చూపించారు. అక్కడ బీమ్ స్ప్లిటర్ పని డైరెక్షనల్ కప్లర్ చేస్తుంది. రెండు వేవ్‌గైడ్‌లు కొన్ని మైక్రాన్ల దూరంలోకి వచ్చి, కొంత దూరం పక్కపక్కనే నడిచి, మళ్లీ విడిపోతాయి. ఆ పక్కపక్కన నడిచే దూరంలో వెలుగు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కారుతుంది. ఎంత కారాలన్నది ఆ పొడవూ ఆ సందూ నిర్ణయిస్తాయి. నేను టెస్ట్ చేసింది కూడా ఇలాంటి సిలికా చిప్పే. దానిలో విడిగా ఒక కప్లర్, పక్కన రెండు కప్లర్లని కలిపి మధ్యలో హీటర్ పెట్టిన మాక్-జెండర్ ఇంటర్‌ఫెరోమీటర్ ఉన్నాయి.

ఫోటాన్ జంటల కోసం 405 నానోమీటర్ల లేజర్, బీబీఓ క్రిస్టల్. ఒక ఊదా ఫోటాన్ విడిపోయి 810 నానోమీటర్ల ఫోటాన్లు రెండు పుడతాయి. క్రిస్టల్‌లోంచి కోన్ ఆకారంలో బయటికొచ్చే ఆ వెలుగులో ఎదురెదురు పక్కల నుంచి ఒక్కోటీ ఒక్కో ఫైబర్‌లోకి పట్టుకోవాలి. 810 కంటికి కనిపించదు, పైగా ఇక్కడ ఉన్నది లెక్కపెట్టగలిగినన్ని ఫోటాన్లు. అందుకని 810 నానోమీటర్ల అలైన్‌మెంట్ లేజర్‌ని ఫైబర్లలోంచి వెనక్కి పంపి, అది క్రిస్టల్ మీద పంప్ లేజర్ పడే చోటే పడేలా సర్దుకుంటూ వెళ్లాను. ఈ పని ఓపికగా చేస్తే తర్వాత కౌంట్లు వాటంతటవే వస్తాయి.

గది లైట్లు ఆపేయడం గురించి అందరూ చెబుతారు, పరికరాల మీద ఉండే చిన్న చిన్న ఎల్‌ఈడీల గురించి ఎవరూ చెప్పరు. పవర్ సప్లై మీద మిణుకుమనే ఆకుపచ్చ చుక్క కూడా సింగిల్ ఫోటాన్ డిటెక్టర్‌కి తెలుస్తుంది. అన్నిటికీ నల్ల టేప్ వేశాను. డిటెక్టర్ ఆన్‌లో ఉండగా లైట్ వేస్తే డిటెక్టర్ పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాం, అయినా తలుపు తోసేవాళ్లు తోస్తూనే ఉంటారు.

ఇక్కడే మా సీనియర్ గట్టిగా చెప్పిన మాట: "చిప్ డబ్బా తెరవకు. ముందు ఫైబర్ కప్లర్ మీద డిప్ చూపించు." అప్పటికి నాకు ఇదంతా సాగదీతలా అనిపించింది. కానీ తర్వాత నేను చెప్పగలిగిన ప్రతి మాటా ఆ రిఫరెన్స్ డిప్ మీదే నిలబడింది. ఫైబర్ కప్లర్ అంటే ఫైబర్‌తో చేసిన బీమ్ స్ప్లిటరే, మార్కెట్లో దొరికేది సగానికి సగం బాగానే పంచుతుంది, దానిలో కొలిచిన విజిబిలిటీ అంటే మన సోర్స్ ఎంత మంచిదన్నదానికి కొలత. చిప్‌లో అంతకంటే ఎక్కువ వస్తే ఎక్కడో లెక్క తప్పినట్టు, తక్కువ వస్తే ఆ తేడా చిప్‌దీ దాని కనెక్షన్లదీ.

ఇక డిప్‌ని వెతకడం. నా దగ్గర ఉన్న ఫిల్టర్లు దాటనిచ్చే తరంగదైర్ఘ్యాల వెడల్పు 3 నానోమీటర్లు. తరంగదైర్ఘ్యం వర్గాన్ని ఆ వెడల్పుతో భాగిస్తే సుమారు 0.2 మిల్లీమీటర్లు వస్తుంది, డిప్ వెడల్పు కూడా ఆ లెక్కకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రెండు ఫైబర్ల పొడవుల్లో తేడానేమో సెంటీమీటర్లలో ఉండచ్చు. గాలిలో ఒక మిల్లీమీటర్ దాటడానికి వెలుగుకి 3.3 పికోసెకన్లు పడితే, ఫైబర్‌లో దాదాపు 4.9 పడుతుంది, అంటే ఫైబర్‌లో ఒక సెంటీమీటర్ తేడా ఉంటే గాలిలో స్టేజ్‌ని (ఒక ఫోటాన్ దారి పొడవు మార్చడానికి జరిపే బల్లని) దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు జరపాలి. నా స్టేజ్ మొత్తం ప్రయాణమే 25 మిల్లీమీటర్లు. గడ్డివాములో సూది వెతకడం అంటారే, ఇది అదే, కాకపోతే సూది ఈ వాములోనే ఉందన్న గ్యారంటీ కూడా లేదు.

ఫైబర్ పొడవులని టేపుతో కొలిచి నమ్ముకోవద్దు. కోయిన్సిడెన్స్ యూనిట్‌లో రెండు డిటెక్టర్ల మధ్య టైమ్ తేడా హిస్టోగ్రామ్ గీస్తే ఒక శిఖరం కనిపిస్తుంది, డిటెక్టర్ల జిట్టర్ (టైమింగ్‌లో ఉండే ఊగిసలాట) వల్ల అది కొన్ని వందల పికోసెకన్ల వెడల్పు ఉంటుంది గానీ దాని మధ్య బిందువుని అంతకంటే చాలా కచ్చితంగా పట్టుకోవచ్చు. ఫైబర్లని డిటెక్టర్ల దగ్గర తారుమారు చేసి మళ్లీ కొలిస్తే, డిటెక్టర్లూ కేబుళ్లూ తెచ్చే తేడా పోయి అసలు దారి తేడా మిగులుతుంది. దాంతో వెతకాల్సిన మేర బాగా తగ్గింది. ఆపైన 1 నానోమీటర్ ఫిల్టర్లు అడిగి తెచ్చుకుని వేశాను. కౌంట్లు పడిపోయాయి, కానీ డిప్ మూడింతలు వెడల్పైంది కాబట్టి పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోవచ్చు. గ్రాఫ్‌లో ఒక చోట మూడు నాలుగు బిందువులు వరసగా కిందికి జారడం చూశాక కూడా వెంటనే సంబరపడలేదు, లేజర్ పవర్ తగ్గినా అలాగే కనిపిస్తుంది. విడివిడి డిటెక్టర్ల కౌంట్లు కదలకుండా ఉండి, కోయిన్సిడెన్స్‌లు మాత్రమే పడితేనే అది డిప్. అలాగే ఉంది. మళ్లీ 3 నానోమీటర్ల ఫిల్టర్లు పెట్టి ఆ చుట్టుపక్కల సన్నగా స్కాన్ చేశాను.

మొదట వచ్చిన డిప్ లోతు 80ల్లోనే ఆగింది, అక్కడి నుంచి పైకి తేవడం ఇంకో కథ. పోలరైజేషన్, అంటే వెలుగు తరంగం ఊగే దిశ, మొదటి అనుమానితుడు. రెండు ఫోటాన్ల పోలరైజేషన్ల మధ్య కోణం ఉంటే విజిబిలిటీ ఆ కోణం కొసైన్ వర్గం మేరకు పడుతుంది, 10 డిగ్రీలకి 3% పోతుంది. ఫైబర్‌ని మెలిపెట్టి పోలరైజేషన్ మార్చే ప్యాడిల్స్ తిప్పి అది సరిచేశాక కూడా లోటు మిగిలింది, పైగా డిప్‌కి రెండు పక్కలా బేస్‌లైన్ కంటే పైకి లేచిన బుడిపెలు కనిపించాయి. చిన్న బుడిపెలు మామూలే, ఫిల్టర్ ఆకారం గుండ్రంగా కాకుండా పైన చదునుగా ఉంటే అవి వస్తాయి. నాకు వచ్చినవి మరీ పెద్దవి. రెండు ఫిల్టర్ల మీదా ఒకే నంబర్ రాసి ఉంది గానీ, స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి చూస్తే ఒకటి కొంచెం పొడవు తరంగదైర్ఘ్యం వైపు జరిగి ఉంది. ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టర్‌ని కాస్త వాలిస్తే దాని పాస్‌బ్యాండ్ (అది దాటనిచ్చే మేర) పొట్టి తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది. అలా జరిగి ఉన్నదాన్ని మౌంట్‌లో కొన్ని డిగ్రీలు వాల్చి, స్పెక్ట్రోమీటర్‌లో రెండు గ్రాఫ్‌లూ ఒకదాని మీద ఒకటి పడేదాకా తిప్పి బిగించాను. బుడిపెలు తగ్గాయి, విజిబిలిటీ 97% దగ్గర నిలబడింది. సోర్స్‌కి అదే పైకప్పు అని రాసి పెట్టుకుని, అప్పుడు చిప్ డబ్బా తెరిచాను.

చిప్‌లోకి వెలుగు పంపడం గురించి ఎంత రాసినా తక్కువే. వరసగా ఫైబర్లు బిగించిన అరే ఒకటి చిప్‌కి ఇటు, ఇంకోటి అటు. ఫైబర్ల మధ్య దూరం 250 మైక్రాన్లు, చిప్ అంచు దగ్గర వేవ్‌గైడ్‌లు కూడా అదే దూరానికి విచ్చుకుని ఉంటాయి. కదలికలు ఆరు, మూడు జరపడానికి, మూడు తిప్పడానికి. మొదట ఎర్ర లేజర్ పంపితే వేవ్‌గైడ్ పొడవునా సన్నటి ఎర్ర గీత వెలుగుతుంది, అది కనపడిందంటే దారి దొరికినట్టే. తర్వాత 810కి మారి పవర్ మీటర్ చూసుకుంటూ సర్దాలి. అసలు చిక్కు అరే వాలు. ఒక చివర ఫైబర్‌లో పవర్ గరిష్ఠానికి తెస్తే రెండో చివరది పడిపోతుంది, దాన్ని లేపితే ఇది పడుతుంది. రెండు చివర్లూ ఒకేసారి గరిష్ఠానికి వచ్చేదాకా వాలుని కొద్దికొద్దిగా మార్చడం తప్ప వేరే దారి లేదు. మధ్యలో ఇండెక్స్ మ్యాచింగ్ జెల్ వేస్తే అంచుల మధ్య గాలి పొర పోయి, రీడింగ్ ఊగిసలాట తగ్గుతుంది. అంతా కుదిరాక యూవీ జిగురు పెట్టి గట్టిపరిచాను. గట్టిపడేటప్పుడు జిగురు కాస్త కుంచించుకుని అరేని లాగుతుంది, ఆ నిమిషం పవర్ మీటర్ చూస్తుంటే గుండె దడదడలాడుతుంది. కొంచెమే పడి ఆగింది.

ఫోటాన్లు పంపేముందు లేజర్‌తో కప్లర్ నిష్పత్తి కొలవాలి. ఊరికే రెండు ఔట్‌పుట్‌ల పవర్ చూసి భాగిస్తే కుదరదు, ఎందుకంటే ఏ ఫైబర్ దగ్గర ఎంత లాస్ ఉందో ఆ అంకెలో కలిసిపోయి ఉంటుంది. దీనికో చక్కటి ఉపాయం ఉంది. ఒకటో ఇన్‌పుట్‌లో వెలుగు పంపి రెండు ఔట్‌పుట్‌లూ కొలవండి, రెండో ఇన్‌పుట్‌లో పంపి మళ్లీ రెండూ కొలవండి. నేరుగా దాటిన రెండు అంకెల లబ్ధాన్ని, అడ్డంగా మారిన రెండు అంకెల లబ్ధంతో భాగిస్తే ఇన్‌పుట్ లాస్‌లు, ఔట్‌పుట్ లాస్‌లు అన్నీ కొట్టేసుకుని కప్లర్ అసలు నిష్పత్తి వర్గం మాత్రం మిగులుతుంది. నా విడి కప్లర్‌కి 55:45 వచ్చింది. డిజైన్‌లో 50:50. సందు కొంచెం మారినా ఇంత తేడా వస్తుంది కాబట్టి ఆశ్చర్యం లేదు. ఫోటాన్లు ఎంత ఒకేలా ఉన్నా 55:45 కప్లర్ ఇవ్వగల గరిష్ఠ విజిబిలిటీ 98%. సోర్స్ 97తో గుణిస్తే 95 రావాలి. కొలవకముందే ఈ అంకె నోట్‌బుక్‌లో రాసుకున్నాను, కొలిచాక రాసుకుంటే మనసు అటే లాగుతుంది.

చిప్ పెట్టాక డిప్ చోటు మారింది, అరే ఫైబర్ల పొడవులు వేరు కదా, మళ్లీ వెతుకులాట. ఈసారి ఎక్కడ వెతకాలో ముందే లెక్క ఉంది కాబట్టి త్వరగానే దొరికింది. అసలు బాధ కౌంట్లతో. ఒక్కో ఫోటాన్ దారిలో 3 డెసిబెల్స్ లాస్ పెరిగితే సింగిల్స్ (ఒక్కో డిటెక్టర్ విడిగా లెక్కపెట్టేవి) సగమవుతాయి, కోయిన్సిడెన్స్‌లు మాత్రం పావు వంతుకి పడతాయి. ఒక్క కప్లర్ ఉన్న చోట ఈ లాస్ వల్ల విజిబిలిటీ నేరుగా తగ్గదు, ఓపిక మాత్రం తరుగుతుంది. వంద కౌంట్లకి ఎర్రర్ 10%, పదివేల కౌంట్లకి 1%, అడ్డదారి లేదు. డిప్ అడుగున కౌంట్లు సహజంగానే తక్కువ, కాబట్టి అక్కడే ఎక్కువసేపు కూర్చోవాలి.

పంప్ పవర్ పెంచేస్తే సరిపోతుంది కదా అని అడిగేవాళ్లు ఉంటారు. యాక్సిడెంటల్స్ లెక్క చూడండి: రెండు డిటెక్టర్లలోనూ సెకనుకి 50,000 చొప్పున వస్తూ, కోయిన్సిడెన్స్ విండో (ఎంత వ్యవధిలోపు మోగితే ఒకేసారి అనుకోవాలన్న హద్దు) 3 నానోసెకన్లు ఉంటే, ఏ సంబంధమూ లేని ఫోటాన్లు కాకతాళీయంగా కలిసి మోగడమే సెకనుకి 7.5 సార్లు. నిజమైన జంటలు 200 ఉన్నచోట అది దాదాపు 4%, అదంతా డిప్ అడుగున చేరి కూర్చుంటుంది. పవర్ రెట్టింపు చేస్తే జంటలు రెట్టింపవుతాయి, యాక్సిడెంటల్స్ నాలుగింతలవుతాయి. నేను పవర్ తగ్గించి, విండో కుదించి, రాత్రంతా స్కాన్ నడవనిచ్చాను. యాక్సిడెంటల్స్‌ని వాటంతట వాటిని కొలిచి తీసేయడం తప్పేమీ కాదు, కాకపోతే తీసేయకముందు అంకె, తీసేశాక అంకె రెండూ చెప్పాలి. రెండోది మాత్రమే చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

విడి కప్లర్‌కి యాక్సిడెంటల్స్ తీసేశాక వచ్చింది 94%, ఎర్రర్ ఒక శాతం. అంటే రాసుకున్న 95తో సరిపోయింది. ఇక్కడితో ఆపేయచ్చు, కానీ 97 నుంచి తగ్గిన ఆ మూడు శాతం నిజంగా కప్లర్ నిష్పత్తి వల్లే పోయిందా, లేక చిప్‌లో పోలరైజేషన్ ఏమైనా తిరుగుతోందా అన్న అనుమానం అలాగే ఉంది. రెండూ ఒకే రకంగా అంకెని తగ్గిస్తాయి.

తేల్చింది మాక్-జెండర్. దానిలో మధ్య ఫేజ్‌ని హీటర్‌తో మారుస్తూ పోతే, మొత్తం పరికరం మనకి కావలసిన నిష్పత్తిలో పంచే బీమ్ స్ప్లిటర్‌లా పనిచేస్తుంది. లోపలి రెండు కప్లర్లూ 55:45 అయినా సరే, బయటికి కచ్చితమైన 50:50 తేవచ్చు. ముందు లేజర్‌తో హీటర్‌ని క్యాలిబ్రేట్ చేశాను. గ్రాఫ్‌ని వోల్టేజ్‌కి కాదు, హీటర్‌లో ఖర్చయ్యే పవర్‌కి గీయాలి, ఫేజ్ పవర్‌ని బట్టి సూటిగా పెరుగుతుంది, పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి. వోల్టేజ్‌కి గీస్తే సైన్ తరంగం కుడివైపు పోనుపోను ఇరుకైపోయి చూడ్డానికి వింతగా ఉంటుంది. వోల్టేజ్ మార్చిన వెంటనే రీడింగ్ తీసుకోకూడదు, చిప్ కింద ఉన్న, వేడిని అదుపులో ఉంచే పెల్టియర్ కుదురుకునేదాకా ఆగాలి. ఆ తర్వాత జంట ఫోటాన్లని జీరో డిలేలో పెట్టి అదే ఫేజ్‌ని తిప్పితే, సింగిల్ ఫోటాన్‌కి ఒక ఫ్రింజ్ (గ్రాఫ్‌లో ఒక ఎత్తుపల్లం) వచ్చే చోట కోయిన్సిడెన్స్‌లో రెండు ఫ్రింజ్‌లు వచ్చాయి. మొదటి కప్లర్ దగ్గర జంటగా మారిన ఫోటాన్లు ఒకే చేయి పట్టుకుని పోతాయి కాబట్టి రెంటికీ కలిపి ఫేజ్ రెట్టింపవుతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, స్క్రీన్ మీద ఆ రెండో గుట్ట ఒక్కో బిందువుగా లేస్తుంటే కుర్చీలోంచి కదలబుద్ధి కాలేదు.

చివరి కొలత కోసం హీటర్‌ని 50:50 దగ్గర ఆపి, డిలే స్కాన్ చేశాను. 96%, ఎర్రర్ మళ్లీ ఒక శాతం. సోర్స్ పైకప్పు 97ని ఎర్రర్ లోపల తాకినట్టే. విడి కప్లర్‌లో పోయింది నిష్పత్తి వల్లే అనడానికి ఇప్పుడు కాస్త ధైర్యం ఉంది. 94కీ 96కీ మధ్య తేడా ఎర్రర్ బార్ల కంటే ఎక్కువే గానీ మరీ ఎక్కువేం కాదు, అందుకే ఇంకా పొడవైన స్కాన్ పెట్టాను, ఈసారి విడి కప్లర్, మాక్-జెండర్ రెంటినీ వంతులవారీగా కొలుస్తూ, మధ్యమధ్యలో ఫైబర్ కప్లర్‌కి మారి సోర్స్ జారిపోలేదని చూసుకుంటూ. సోర్స్ వైపు మిగిలిన ఆ 3% మీద నా అనుమానం ఇప్పటికీ ఫిల్టర్ల మీదే, అందుకే ఒకే బ్యాచ్‌లో కోటింగ్ వేసిన జత కావాలని అడిగి పెట్టాను.